మేస్త్రి ఎక్కడికీ వెళ్ళడు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ ముగ్గురం బాగున్నాం. ముగ్గురం అన్న మాట దగ్గరే నీ కనుబొమలు పైకి లేచి ఉంటాయని తెలుసు. పొరపాటున రాయలేదు, కావాలనే రాశాను. నేను, పాప, మేస్త్రి. అక్కడ నువ్వూ తమ్ముడూ మరదలూ కులాసాగా ఉన్నారని, నీ మోకాలి వాపు తగ్గి మేడమెట్లు ఎక్కగలుగుతున్నావని అనుకుంటున్నాను.

ఫోన్ చేయక ఈ ఉత్తరాలేమిటని తమ్ముడు నవ్వుతున్నాడని రాశావు. వాడికేం తెలుసు. ఫోన్లో అయితే రెండో నిమిషంలో మనిద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. మూడో నిమిషంలో నువ్వు "సరేలే, ఉంటాను" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. విసిరికొట్టినా కాసేపటికి కళ్ళజోడు వెతుక్కుని మళ్ళీ తీసి చదువుతావు.

నువ్వు అడిగినవాటిలో తేలికవాటికి ముందు జవాబు రాస్తాను. వేళకు తింటున్నాను. పాప వచ్చాక వేళకు తినక తప్పడం లేదు, తనకు గంట కొట్టినట్టు ఆకలేస్తుంది. దుకాణం బాగానే నడుస్తోంది. అద్దాల అంచులు అరగదీసే యంత్రానికి కొత్త రాయి వేయించాను. పళ్ళు నూరినట్టు చప్పుడు చేసేది కాస్తా ఇప్పుడు తేనెటీగలా పాడుతోంది. నలభై మూడేళ్ళు వచ్చాయి కదా, నాకూ దగ్గరచూపు మందగించింది. నా కళ్ళజోడు నేనే చేసుకున్నాను. ఫ్రేము ఎర్రది. "ఈ వయసులో ఎరుపేమిటి" అని నువ్వు అనబోయే మాట నాకు ఇక్కడికే వినిపించింది.

పాప నన్ను అమ్మా అంటోందా అని అడిగావు. అనడం లేదు. "ఏమండీ" అనడం మానేసింది, అదే గొప్ప. ఏదైనా కావాలంటే నా ఏప్రన్ అంచు పట్టుకుని రెండుసార్లు లాగుతుంది. నాకు ఆ లాగడం చాలు. పిలుపు సంగతి దాని ఇష్టం.

ఇక నాలుగో ప్రశ్న. అది ప్రశ్న కూడా కాదు, తీర్పు. "కుక్కనైనా పంపెయ్, పిల్లనైనా పంపెయ్, రెండూ ఒకింట్లో కుదరవు" అని రాసి, కింద గీత కూడా గీశావు. తమ్ముడు పోయిన నెల వచ్చి ఒక్కపూట ఉండి వెళ్ళాడు. మేస్త్రి మూతికి చిక్కం చూశాడు. పాప ముచ్చటపడి తన మణికట్టు మీద మచ్చ చూపించింది. వాడు చూసింది నీ చెవిన వేశాడు, నువ్వు తీర్పు రాసేశావు. మధ్యలో నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. అందుకే నా వైపు కథ మొదట్నుంచీ చెబుతాను. కుదురుగా కూర్చుని చదువు.

మేస్త్రి నా దగ్గరికి వచ్చి పదకొండేళ్ళు. దుకాణం వెనక ఫ్రేముల అట్టపెట్టెలో దొరికినప్పుడు నా అరచేతి కంటే కాస్త పెద్దగా ఉన్నాడు. అప్పటినుంచీ వాడి చోటు నా పనిబల్ల కింద, ఎడమవైపు. నేను పని చేస్తున్నంతసేపూ గడ్డం పాదాల మీద ఆనించుకుని నన్నే చూస్తుంటాడు. స్క్రూ కింద పడిందా, ఇంత నిట్టూర్పు విడుస్తాడు. అందుకే ఆ పేరు. కళ్ళ పరీక్షకు వచ్చినవాళ్ళు గోడ మీద అక్షరాలు తప్పు చదివితే వాడు చెవి విదిలించేవాడని మా పైవాటా దర్జీ ఆయన ఒట్టేసి చెబుతాడు. పదకొండేళ్ళలో నేను ఒంటరిగా భోంచేసిన రోజు లేదమ్మా, వాడి వల్ల.

ఎనిమిది నెలల కిందట పాప వచ్చింది. ఐదున్నరేళ్ళు. నల్లగా, గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. దర్జీ ఆయన చూడగానే "అబ్బో, మిరియం గింజ" అన్నాడు, ఆ పేరే నిలబడిపోయింది. మొదటి వారం మేస్త్రి దాని బూట్లు వాసన చూసి, దాని గది గుమ్మంలో పడుకున్నాడు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

తర్వాత మిరియం బడి నుంచి నేరుగా దుకాణానికి రావడం మొదలైంది. దాని హోంవర్కుకు నా పక్కనే చిన్న స్టూలు వేశాను. స్టూలు పట్టాలంటే మేస్త్రి పరుపు జరపాలి. ఎంతనుకున్నావు, ఒక్క జానెడు. ఆ జానెడే కొంప ముంచింది.

ఆ రోజే మొదటిసారి గుర్రుమన్నాడు. పెద్దగా కాదు, పక్కగదిలో ఎవరో యంత్రం వేసినట్టు. మర్నాడు సోఫా దగ్గర. ఆ తర్వాత వంటింటి గుమ్మంలో. నేను పాపకు జడ వేస్తుంటే వచ్చి రిబ్బన్ల మీద కూర్చునేవాడు. సోఫాలో అది నా పక్కకు చేరితే ఎక్కడున్నా లేచి వచ్చి, మా ఇద్దరి మధ్యా తల దూర్చి, నా ఒళ్ళో గడ్డం పెట్టి, ఓరకంట దాన్ని చూస్తూ గుర్రుమనేవాడు. దాని ఎడమ బూటు మాత్రమే ఎత్తుకెళ్ళి బీరువా వెనక దాచేవాడు. కుడిది ముట్టడు! రోజూ బడికి వేళయ్యాక ఆ బూటు వెతికేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చేది. నవ్వకు. నవ్వొచ్చే భాగం ఇక్కడితో అయిపోయింది.

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, గుర్రుమన్న ప్రతిసారీ తిట్టాను. "ఛీ, సిగ్గు లేదూ, పసిదాని మీదా నీ ప్రతాపం" అన్నాను. ఒకసారి పేపరు చుట్టి వీపు మీద రెండు వేశాను. పదకొండేళ్ళలో వాడి మీద చెయ్యెత్తడం అదే మొదలు. వాడు నా వైపు చూసి, తోక ముడుచుకుని, బల్ల కిందికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గుర్రుమనడం మానేశాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. దారికొచ్చాడని దర్జీ ఆయనకు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నెల గడిచింది. ఒక ఆదివారం పొద్దున మిరియం దుకాణంలో బొమ్మలు గీస్తోంది. పెన్సిలు దొర్లి మేస్త్రి పరుపు పక్కకు పోయింది. అది వంగి చెయ్యి చాపింది. చిన్న చప్పుడు కూడా లేదమ్మా. ఒక్కసారిగా తల తిప్పి పట్టేశాడు. గౌను చెయ్యి చిరిగింది. మణికట్టు మీద పన్ను గీసుకుపోయి రెండు రక్తపు బొట్లు పైకి వచ్చాయి. పరుగెత్తుకెళ్ళి దాన్ని ఎత్తుకున్నాను. అది ఏడవలేదు. నా ముఖంలోకి చూసి, "నాదే తప్పు" అంది.

ఐదున్నరేళ్ళ పిల్ల అనాల్సిన మాటేనా అది?

కడిగి, మందు వేయించి, సూది వేయించి తీసుకొచ్చాను. దత్తత ఆఫీసుకు నేనే ఫోన్ చేసి చెప్పాను, చెప్పాలని నిబంధన ఉంది. సోమవారం ఆఫీసరమ్మ వచ్చింది. ఆవిడ మూడు నెలలకోసారి వచ్చి ఇల్లూ పిల్లా ఎలా ఉన్నాయో చూసి రాసుకునే మనిషి. చెడ్డది కాదు, కానీ ఫైలు తెరిస్తే ఆవిడ ముఖం కూడా ఫైలులాగే మారిపోతుంది.

"ఇంకోసారి ఇలా జరిగితే పాపను మీ దగ్గర ఉంచడం నా చేతుల్లో ఉండదు. మీరే ఆలోచించుకోండి" అంది.

నీతో ఇన్నేళ్ళుగా ఒంటికాలి మీద లేచే నేను, ఆ వేళ "సరేనండీ" అని తల వంచుకున్నాను.

గురువారం మేస్త్రిని జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పొట్టిగా, జుట్టంతా నెరిసి, చేతుల నిండా పాత గీతలున్న మనిషి. ముందు నన్ను పరీక్ష చేసింది.

"కరిచే ముందు గుర్రుమన్నాడా?"

"లేదండీ. ఇదివరకు అనేవాడు. నేనే మాన్పించాను."

"ఎలా మాన్పించారు?"

"తిట్టి. ఒకసారి పేపరుతో కొట్టి."

ఆవిడ మేస్త్రి చెవుల వెనక గోకింది. "వాడి కోపం ఎక్కడికీ పోలేదమ్మా, చెప్పడం మానేశాడు, అంతే. గుర్రుమనడం వాడి మాట. నాకు బాగోలేదు, దగ్గరికి రాకు అని మర్యాదగా చెబుతున్నాడు. ఆ మాట మీరు నొక్కేశారు. ఇక వాడి దగ్గర మిగిలింది పళ్ళే" అంది.

తర్వాత వాడి ఒళ్ళంతా తడిమింది. వెనక తుంటి దగ్గర నొక్కగానే వణికాడు. కీలు అరిగిపోయిందట, లేచి కూర్చోవడమే నరకంగా ఉండి ఉంటుందట. చివరికి టార్చి వేసి కళ్ళు చూసింది.

"ఎడమ కంటికి శుక్లం. ఆ వైపు నుంచి వచ్చేది వీడికి దాదాపు కనిపించదు. మీరు గమనించలేదా? ఏం చేస్తుంటారు మీరు?"

"కళ్ళజోళ్ళు చేస్తానండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఆ మంచితనం ఈ జన్మకు మరచిపోను. ఊరందరి చూపూ సరిచేసే నేను, నా కాళ్ళ దగ్గర పడుకున్నవాడి కంటిలో పొర చూడలేదు. పాపకు నేను స్టూలు వేసింది ఎటువైపనుకున్నావు? ఎడమవైపే.

"అంతా నొప్పేనా డాక్టరుగారూ, కుళ్ళు కూడా ఉందా?" అని అడిగాను.

"ఎందుకుండదూ? పదకొండేళ్ళు ఇల్లంతా తనదే అనుకున్నాడు. ఉంటుంది. దానికి మందు లేదు, పద్ధతి ఉంది" అంది.

ఆ పద్ధతి మూడు నెలలుగా పాటిస్తున్నాను. నొప్పికి మాత్రలు వేస్తున్నాను. దుకాణంలో వాడి పరుపు వాడి పాత చోటుకు జరిపి, చుట్టూ నడుమెత్తు కటకటాలు పెట్టించాను. లోపలికి పాప వెళ్ళకూడదు, అది వాడి సొంత గది. పాప స్టూలు కుడివైపుకు వచ్చింది. మొదటి రెండు నెలలూ ఇంట్లో ఇద్దరూ ఒకే గదిలో ఉంటే వాడి మూతికి చిక్కం, నా చేతిలో గొలుసు. నేను చూడకుండా ఇద్దరినీ ఒకచోట ఒక్క క్షణం వదలను, ఇప్పటికీ వదలను. పాపను బడి దగ్గర దింపాక దుకాణం తెరిచే లోపు అరగంట వాడిదే. మేమిద్దరమే నడుస్తాం. వాడు ప్రతి స్తంభం దగ్గరా ఆగుతాడు, నేనూ ఆగుతాను. వాడి పెద్దరికం వాడికి ఉండాలి కదా.

అన్నిటికంటే పెద్ద వైద్యం రొట్టె ముక్క. గది ఆ చివర పాప కనిపించగానే వాడికో ముక్క. అది వెళ్ళిపోతే ముక్కలు బంద్. రోజుకో అడుగు దగ్గరికి రావడం. పాప వస్తే మంచి జరుగుతుందని ఆ మొండి బుర్రకు ఎక్కాలని. ఎక్కడానికి ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు నాలుగున్నర కాగానే బడి పిల్లల గోల వినబడితే తలుపు వైపు చూస్తాడు. రొట్టె కోసమే అనుకో. నేనేం నొచ్చుకోను.

గుర్రుమంటే మాత్రం తిట్టడం లేదు. "విన్నాను" అంటాను. అని పాపను నెమ్మదిగా పక్కకు తప్పిస్తాను. మిరియానికి ఇది బాగా వంటబట్టింది. "మేస్త్రికి ఇప్పుడు మనసు బాగోలేదు" అని తనే స్టూలు ఎత్తుకుని అవతలికి పోతుంది. వాడి దగ్గరికి ఎప్పుడూ కుడివైపు నుంచి, పేరు పిలుస్తూ వెళుతుంది.

ఒక సాయంత్రం దానికి చిక్కు తీస్తున్నాను. దువ్వెన ఎక్కడో గట్టిగా పట్టింది. అది నా వైపు తిరిగి, ముక్కు ముడిచి, పళ్ళన్నీ బయటపెట్టి, "గుర్ర్ర్" అంది. నేను బిత్తరపోయాను. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ అది ఒక్కసారి కూడా కాదు, వద్దు అనలేదమ్మా. ఏది పెడితే అది తింది, ఏది తొడిగితే అది వేసుకుంది. "విన్నాను" అని దువ్వెన కింద పెట్టేశాను. అది కాసేపు నన్ను చూసింది, నిజంగానే పెట్టేశానా లేదా అని. తర్వాత లేచి గంతులు వేసుకుంటూ పోయింది. రెండు రోజులు చింపిరి జుట్టుతోనే బడికి వెళ్ళింది. టీచరమ్మ ఏమనుకుందో అడగలేదు.

ఇప్పుడు ఒక రోజు సంగతి చెప్పాలి. సోమవారం ఆఫీసరమ్మ వచ్చిందని రాశాను, గురువారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళానని రాశాను. మధ్యలో ఒక బుధవారం ఉంది, దాన్ని దాటేశాను. తమ్ముడికి కూడా చెప్పలేదు.

నువ్వు కుక్కను పంపెయ్ అని ఇప్పుడు రాశావు. ఆ పని నేను మూడు నెలల కిందటే చేశానమ్మా.

ఊరి అవతల గోడౌన్లకు కాపలా ఉండే ఆయన నా పాత ఖాతాదారు. ఆయన దగ్గర అప్పటికే నాలుగు కుక్కలున్నాయి, ఇంకొకటి బరువు కాదన్నాడు. బుధవారం పొద్దున పాపను బడిలో దింపి, మేస్త్రిని వ్యాను ఎక్కించాను. వాడి పరుపు, గిన్నె కూడా పెట్టాను. వాడు షికారు అనుకున్నాడు. అక్కడ గొలుసు ఆయన చేతికిచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. పాప కోసమే కదా అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు దుకాణంలో ఒక అద్దం తప్పు కోశాను, ఒకటి పగలగొట్టాను.

మిరియం బడి నుంచి వచ్చి బల్ల కిందికి తొంగిచూసింది.

"మేస్త్రి ఏడీ?"

"వేరే ఇంటికి పంపాను. అక్కడ బోలెడు చోటుంది, వాడికి బాగుంటుంది."

"ఎప్పుడొస్తాడు?"

"రాడు."

"నన్ను కరిచినందుకా?"

"నీకు మళ్ళీ దెబ్బ తగలకూడదని."

తల ఊపింది. ఇంకేమీ అడగలేదు. హమ్మయ్య, అర్థం చేసుకుందనుకున్నాను. దుకాణం కాస్త ముందే మూసి ఇంటికి వెళ్ళాం. నేను వంటింట్లో పాలు కాచి గ్లాసులో పోసుకుని వచ్చేసరికి అది వీధి తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. బూట్లు వేసుకుంది. ఒళ్ళో బడి సంచి. సంచిలో పుస్తకాలు లేవు. రెండు గౌన్లు, పెన్సిళ్ళ డబ్బా, కాగితంలో చుట్టిన పళ్ళ బ్రష్షు.

"ఎక్కడికే?" అన్నాను.

"మొన్న గ్లాసు పగలగొట్టాను కదా. నిన్న మూడు లెక్కలు తప్పొచ్చాయి," అంది, వేళ్ళు మడుస్తూ. "నన్నెప్పుడు పంపుతావు? ముందే చెబితే రెడీగా ఉంటాను. పోయినసారి వాళ్ళు చెప్పలేదు. నా బొమ్మ అక్కడే ఉండిపోయింది."

నీకు చెప్పని ఇంకో సంగతి ఇది. నాకంటే ముందు దాన్ని ఒక ఇంటివాళ్ళు తీసుకెళ్ళి, నాలుగు నెలలు ఉంచుకుని, కుదరలేదని తిరిగి ఇచ్చేశారు. ఆఫీసరమ్మ మొదట్లోనే చెప్పింది. చెబితే నువ్వు "అందుకే వద్దన్నాను, ఏదో లోపం ఉంటుంది" అంటావని దాచాను. అంటావా అనవా, నిజం చెప్పు.

పాల గ్లాసు అక్కడే కింద పెట్టి వ్యాను తాళాలు తీసుకున్నాను.

"లే. మేస్త్రిని తెచ్చుకుందాం."

"మళ్ళీ కరిస్తే?"

"కరవకుండా చూసుకోవడం నా పని. గ్లాసులు పగలగొట్టుకోవడం నీ పని. లే."

గోడౌన్ దగ్గర కాపలా ఆయన గేటు తీస్తూనే, "వచ్చారా తల్లీ, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. పొద్దున్నుంచీ నీళ్ళు కూడా ముట్టలేదు, గేటు దగ్గర్నుంచి కదల్లేదు" అన్నాడు. మేస్త్రి నన్ను చూసి తోక ఊపలేదు. కష్టపడి లేచి నిలబడ్డాడు. నా వెనక వ్యాను కిటికీలోంచి మిరియం తల బయటపెట్టింది. దాన్ని చూసి గట్టిగా గుర్రుమన్నాడు. నేను మాన్పించిన తర్వాత అదే మొదటిసారి. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మేస్త్రికి కోపమొచ్చింది" అని అరిచింది మిరియం.

"రాదూ మరి!" అన్నాను.

వాణ్ణి వ్యాను వెనకభాగంలో, ఇనుప జాలీ అవతల కూర్చోబెట్టుకుని ఇంటికొచ్చాం. మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

మొన్న మంగళవారం ఆఫీసరమ్మ ఆఖరి రిపోర్టు రాయడానికి వచ్చింది. గుమ్మంలోనే, "కుక్క ఇంకా ఉందా?" అంది.

"ఉంది. ఉంటుంది" అన్నాను.

"నన్నేం రాయమంటారు చెప్పండి."

"ఉన్నది ఉన్నట్టు రాయండి. వాడు కరిచాడు, నిజం. తప్పు నాది, అదీ నిజం. తర్వాత నేనేం చేశానో ఇందులో ఉంది, అదీ చూసి రాయండి." నా నోటుబుక్కు ఆవిడ చేతికిచ్చాను. మేస్త్రి ఏ రోజు ఎన్నిసార్లు గుర్రుమన్నాడో, ఎక్కడ, ఎందుకో అన్నీ అందులో రాసిపెట్టాను. మొదట్లో రోజుకు పద్నాలుగు. ఇప్పుడు వారానికి రెండు. "పాపను కాపాడ్డానికి ఎంతైనా చేస్తాను. కానీ ఈ ఇంట్లో కష్టం వచ్చినప్పుడల్లా ఒకరిని బయటికి పంపుతారని దానికి నేర్పలేను. అది ఇప్పటికే ఆ పాఠం ఒకసారి నేర్చుకుంది" అన్నాను. గొంతు పెరిగిందేమో కూడా. పెరగనీ.

ఆవిడ నోటుబుక్కు మొత్తం చదివింది. మిరియాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు మేస్త్రి అంటే భయమా?" అని అడిగింది.

"ఎడమవైపు నుంచి వెళితే భయం. కుడివైపు నుంచి వెళితే లేదు" అంది మా పిల్ల.

ఆఫీసరమ్మ ముఖం ఫైలు నుంచి కాసేపు మనిషి ముఖమైంది. సంతకం చేసింది. కుక్కతో పిల్లను ఒంటరిగా వదలరాదని ఒక షరతు రాసింది, ఆ షరతు నాకు నేను ఎప్పుడో పెట్టుకున్నదే. మిరియం ఇక నాది. ఎవరూ తిరిగి అడగడానికి లేదు.

అమ్మా, నీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. ఇంతవరకూ దాన్ని తప్పించుకుంటూ వచ్చాను. "నిన్ను రెండేళ్ళు పెద్దమ్మ దగ్గర ఉంచితే బంగారంలా మారి రాలేదా? ఎవరికైనా అదే మందు" అని రాశావు.

నేను మారలేదమ్మా.

పెద్దమ్మ మంచిది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నేను అక్కడ మొదటి ఆరు నెలలూ చెప్పులు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను, నువ్వు వచ్చి పిలిస్తే వెతుక్కుంటూ ఆలస్యం చేయకూడదని. నువ్వు నన్ను దింపినప్పుడు గేటు దగ్గర పెద్దమ్మతో, "దీని బుద్ధి మారితే తీసుకెళతాను" అన్నావు. నేను విన్నాను. అందుకే ఏడవడం మానేశాను. రెండోసారి అడగడం మానేశాను. తిరిగొచ్చాక తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగితే, "ఎంత మారిందో చూశారా" అని నువ్వు వీధంతా చెప్పుకుని మురిసిపోయావు. నేను చెప్పడం మానేశానంతే. డాక్టరమ్మ మేస్త్రి గురించి ఆ మాట అన్నప్పుడు నాకు కుర్చీలో కూర్చోవడం కష్టమైంది. అప్పటినుంచీ ఇప్పటిదాకా నువ్వు ఎలా ఉన్నావని అడిగిన ప్రతిసారీ "బాగున్నాను" అన్నాను కదా, అందులో సగం అబద్ధాలు.

నీకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాన్నవి షిఫ్టు డ్యూటీలు. తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. వాడు బతుకుతాడో లేదో అని నువ్వు ఊపిరి బిగబట్టుకుని ఉన్నావు. నేను వాణ్ణి గిల్లాను. ఉత్తినే కాదు, గోళ్ళు దిగేలా, రెండుసార్లు. నీకు వేరే దారి తోచలేదు. ఇదంతా నాకు అర్థమైంది, ఎప్పుడో అర్థమైంది. అర్థమైనంత మాత్రాన నొప్పి పోలేదు. నువ్వు చేసింది తప్పేనమ్మా. నిన్ను బాధపెట్టడానికి కాదు, ఇన్నేళ్ళకు ఒకసారైనా పైకి అనాలని అంటున్నాను.

కాబట్టి మేస్త్రి ఎక్కడికీ వెళ్ళడు. మిరియం ఎక్కడికీ వెళ్ళదు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడకపోయినా సరే, పడకుండానే ఒకే కప్పు కింద ఉంటారు. నేను మధ్యలో రొట్టె ముక్కలు పట్టుకుని నిలబడతాను.

నువ్వు రా. నెల రోజులు ఉండేలా బట్టలు సర్దుకుని రా. వెనకగది నీకోసం ఖాళీ చేశాను, గాలీ వెలుతురూ బాగుంటాయి, మెట్లెక్కే పని లేదు. వస్తే మనవరాలు నిన్ను చూసి తలుపు చాటున దాక్కుంటుంది, మేస్త్రి గుర్రుమంటాడు. మూడో రోజుకు మనిద్దరం పోట్లాడుకుంటాం. దేన్నో ఒకదాన్ని వదిలించుకోమని నువ్వు మళ్ళీ అంటావు, నేను ససేమిరా అంటాను. అన్నా సరే, నిన్ను బస్సెక్కించి పంపను. ఈ ఇంట్లోంచి నేను ఎవరినీ పంపను, నిన్ను కూడా.

ఈ ఉత్తరం చదివి నీకు కోపం వస్తే కోపంగానే రాయి. "క్షేమం, క్షేమమని తలుస్తాను" అని రెండు ముక్కలు రాసి ఊరుకోకు.

ఇట్లు,
తమ్ముణ్ణి గిల్లిన
నీ పెద్ద కూతురు